పుస్తకంలో లేని వాక్యం

దయ్యాల నవల కావాలని చుక్కలక్క అడగడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. వచ్చే ఏడు ఏ పుస్తకాలు వెయ్యాలో చెప్పమని ఆ బ్రెయిలీ ప్రెస్సులో ఏటా ఒక కాగితం తిరుగుతుంది. ఏటా ఆమె దానిమీద ఆ ఒక్క కోరికే పొడిచి ఇస్తుంది. ఏటా వచ్చేవి మాత్రం పాఠ్యపుస్తకాలు, ఆరోగ్య సూత్రాలు, నీతికథలు. చూపు లేనివాళ్ళకి నీతి కూడా కాస్త తక్కువేనని పైవాళ్ళెవరో తేల్చేసినట్టున్నారు. అబద్ధమాడరాదు, పెద్దల మాట వినవలెను, పళ్ళు తోముకొనవలెను అని తడిమి తడిమి ఆమె వేళ్ళకి విసుగొచ్చింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగిన తొమ్మిదేళ్ళకి మేనేజరు పెట్టాడు.

అదీ మామూలు నవల కాదట. చదివినవాళ్ళు వారం రోజులు దొడ్లోకి ఒంటరిగా వెళ్ళలేదని బస్సులో ఎవరో అంటుంటే విన్నది. అట్టమీద పేరు ఉబ్బెత్తు అక్షరాలతో వేశారు. చూపున్నవాళ్ళ అక్షరాలు ఆమెకి రావు గానీ సోమవారం పొద్దున్న పుస్తకం బల్లమీదకి రాగానే వాటిని రెండుసార్లు నిమిరింది. పసిపిల్లవాడి తల నిమురుతున్నావేమిటమ్మా అని ఎదుటి కుర్చీలో కూర్చునే పెద్దాయన నవ్వాడు.

ఆ బల్లకి రెండు కుర్చీలు. ఒకదాంట్లో పెద్దాయన కూర్చుని అచ్చు పుస్తకం పైకి చదువుతాడు. ఎదుటి కుర్చీలో ఆమె కూర్చుని చుక్కల మీద వేళ్ళు నడిపిస్తుంది. ఆ చుక్కలు వచ్చేది వెనక గదిలోంచి. అక్కడ రేకుల పిల్ల పుస్తకం చూస్తూ పల్చటి లోహపు రేకుల మీద మిషనుతో చుక్కలు కొడుతుంది. రేకు మీద తడిపిన దళసరి కాగితం వేసి నొక్కితే పేజీ తయారు. ఇంకా తడి ఆరకుండానే, అట్టల వాసనతో, అది చుక్కలక్క ముందుకొస్తుంది. గొంతు, వేలు కలిసి నడిస్తే ముందుకి. కలవకపోతే ఆమె వేలి కణుపుతో బల్లమీద ఒక్కసారి కొడుతుంది. పెద్దాయన ఆగి మళ్ళీ చదువుతాడు. అప్పటికీ కలవకపోతే తప్పు రేకుది. ఆమె అరచేతిలో ఉన్న మైనం ముద్దలోంచి చిటికెడు గిల్లి ఆ వరస పక్కన అంటిస్తుంది. పేజీకి ఎన్ని మైనం గుర్తులుంటే రేకుల గదికి అన్ని చీవాట్లు. గొంతు చెప్పిందే పుస్తకం, ఎదురు ప్రశ్న లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల దగ్గర చట్టం అదే.

సోమవారం ఉదయం ఆమె వేళ్ళు తహతహలాడుతూ పరిగెత్తాయి. ఒకడు అడవిలో పాత బంగళాకి భార్యతో కాపురానికొచ్చాడు. బాగుంది. దీపం ఆరిపోయింది. ఇంకా బాగుంది. 'చీకటి. ఎటు చూసినా చీకటి. కాటుకలాంటి చీకటి.' సరే, తర్వాత? తర్వాతేముంది, అధ్యాయం అయిపోయింది!

ఆమె వేలు ఖాళీ కాగితం మీద కాసేపు వెతుక్కుంది. చీకటైతే ఏమయింది? ఆమెకి పుట్టినప్పటినుంచీ చీకటే. ఆ చీకట్లోనే బట్టలుతుక్కుంటుంది, బస్సెక్కుతుంది, పిన్నితో పోట్లాడుతుంది. రెండో అధ్యాయంలో గోడమీద నీడ కదిలింది. మూడో అధ్యాయంలో పొదల్లో రెండు కళ్ళు ఎర్రగా మెరిశాయి. మెరిస్తే మెరిశాయి, ఏమన్నా చేశాయా అంటే ఏమీ లేదు. మధ్యాహ్నానికల్లా ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. తొమ్మిదేళ్ళు ఊరించి ఉసూరుమనిపించారు. మైనం ఒక్కచోటైనా అంటించే పని పడలేదు. గొంతూ చుక్కలూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. చప్పిడి కూడు ఎవరు వడ్డిస్తేనేం.

సాయంత్రం ఇంట్లో పిన్ని బఠాణీలు ఒలుస్తూ, దయ్యం వచ్చిందా అని అడిగింది. పిన్నికి బల్లి పడినా భయమే, అయినా వినాలి. చుక్కలక్క మూడధ్యాయాలూ చెప్పింది. నీడ దగ్గరే పిన్ని ఆవులించింది. బఠాణీలు గిన్నెలో పడే చప్పుడు ఒక్కసారైనా ఆగలేదు.

మంగళవారం పదకొండింటికి మొదటిసారి గొంతు, వేలు విడిపోయాయి.

'తలుపు కిర్రుమని తెరుచుకుంది' అని వేలి కింద ఉంది. పెద్దాయన గొంతు మాత్రం, "తలుపు తెరుచుకోలేదు. తెరుచుకునే ఉంది. తను గడియ పెట్టిన గుర్తుంది" అని చదివింది.

ఆమె బల్లమీద కొట్టింది. పెద్దాయన ఒక క్షణం ఆగి, మళ్ళీ అదే చదివాడు. ఆమె మైనం అంటించింది. నాలుగు వరసల తర్వాత, 'గదిలో ఏదో ఆకారం కదిలినట్లు అతనికి భ్రమ కలిగింది' అని చుక్కలు. గొంతు ఏమందంటే, కుర్చీ ఉన్నచోట లేదంది. జానెడు పక్కకి జరిగి ఉందంది. ఆ వేళ ఇంట్లో అతనొక్కడేనంది.

చుక్కలక్క వేళ్ళు కాగితంమీద ఆగిపోయాయి. కుర్చీ జానెడు జరగడమంటే ఏమిటో ఆమెకి తెలిసినట్టు ఆ రచయితకెలా తెలిసిందో! ఉన్నచోట ఉండాల్సింది లేకపోవడం, చెయ్యి చాచిన చోట ఏమీ తగలకపోవడం... ఇదీ భయమంటే. ఇన్నాళ్ళకి దొరికావురా నాయనా అనుకుంది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇంత మంచి వాక్యాన్ని మింగేసి, ఆ చోట 'భ్రమ కలిగింది' అని తన సొంత పైత్యం పెట్టిందన్నమాట, రేకుల పిల్ల. వచ్చి మూడు నెలలు కాలేదు.

మధ్యాహ్నం ఇంకొకటొచ్చింది. చుక్కల్లో, 'భార్య అతనికి దయ్యంలా కనిపించింది' అని చప్పగా ఉంది. పెద్దాయన గొంతు తగ్గించి, తనలో తను అనుకుంటున్నట్టు చదివాడు.

"అతను భార్య వైపు చూశాడు. జడ ఉంది. చెవులకి కమ్మలున్నాయి. వాటి మధ్య ముఖం లేదు. ఏమిటలా చూస్తున్నారని ఆ లేనిచోటి నుంచి ఆమె గొంతు అడిగింది."

ఆమె కణుపుతో కొట్టడం కూడా మర్చిపోయింది. గుర్తొచ్చి కొట్టింది. రెండోసారి చదివినప్పుడు కమ్మలు దుద్దులయ్యాయి. పెద్దాయన తడబడ్డాడనుకుని, మొదటిదే ఖాయం చేసి, ఆ వాక్యాలు వేరే కాగితంమీద తనే పొడిచి రేకుల గదికి పంపింది. ఆ ఒక్క పేజీకే పదకొండు మైనం గుర్తులు. ముఖాలంటే ఆమెకి పెద్ద పట్టింపు లేదు. ఒకరి ముఖం ఎలా ఉందో ఆమె ఎన్నడూ అడిగింది లేదు. అయినా ఆ మాట ఆమెతోపాటే బస్సెక్కింది, ఆమెతోపాటే దిగింది. దారి పొడుగునా అడుగులు నేలమీద పడుతున్నట్టే లేవు. పిన్నికి చెబితే బఠాణీల చప్పుడు ఆగింది. కాసేపటికి పిన్ని, ఆ పుస్తకం ఇంకెన్నాళ్ళుందే అని అడిగి, జరిగి చుక్కలక్కకి ఆనుకుని కూర్చుంది.

మంగళవారం సాయంత్రం రేకుల పిల్లకి తప్పుల చీటీ ఒకటి ఇచ్చిన మేనేజరు, బుధవారం రెండోది ఇచ్చాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఆరు నెలల్లో మూడు చీటీలు పడితే ఇంటికే. మూడోది శుక్రవారం ఇస్తానని అందరికీ వినబడేలా అన్నాడు. కొత్తగా కొట్టిన రేకుల మీదా, మళ్ళీ కొట్టిన రేకుల మీదా పేజీలు వస్తూనే ఉన్నాయి, మైనం గుర్తులు పడుతూనే ఉన్నాయి. పనికిరాని రేకుల్ని మూల పడేస్తున్న చప్పుడు రోజంతా వినబడింది.

అన్నాల వేళ పెద్దాయన బయటికి వెళ్ళగానే ఆ పిల్ల బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. లోహం వాసన, నూనె వాసన. చుక్కలక్క ఆమెని కూర్చోమనలేదు. ఒకరి పుస్తకంలో మాటలు మింగేయడానికి మనమెవరమని అడిగింది. నీతికథైతే పోనీ అనుకోవచ్చు, ఇలాంటి పుస్తకాన్ని పాడుచేస్తే పాపం తగులుతుందని కూడా అంది.

పిల్ల ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు.

"మిషన్ మీద ఒక లైను ఎగిరిపోతుందక్కా, కాదనను. ఎగిరినచోట ఇంకో లైను నేనెందుకు పుట్టిస్తాను? గంటకి నాలుగు రేకులు కొట్టాలి. కల్పించేంత తీరిక నాకెక్కడిది?"

చుక్కలక్క మైనం ముద్ద బల్లమీద పెట్టింది.

"మీరు రాసి పంపినవి నా దగ్గరున్న ప్రతిలో లేవు. పక్కపక్కన పెట్టి చూస్తాను, మీ పుస్తకం ఒక్కసారి ఇవ్వమని పెద్దాయన్ని రెండుసార్లు అడిగాను. సాయంత్రమయ్యేసరికి సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళిపోతున్నారు. మేనేజరుగారికి చెబితే బల్ల దగ్గర మాటే ఆఖరి మాటన్నారు." పిల్ల చుక్కలక్క చెయ్యి తీసుకుని తన అరచేతిలో పెట్టుకుంది. వేళ్ళ మొదట్లో వరసగా బొబ్బలు, కొన్ని చిట్లినవి. "ఇది పోతే మళ్ళీ మా అక్కావాళ్ళింట్లో పడుండాలి. మా బావ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటంటాడు. నేనబద్ధం చెప్పట్లేదక్కా."

చుక్కలక్క గొంతుల్ని తూచడంలో ఆరితేరింది. ఈ గొంతులో ఎక్కడా బోలు లేదు. ఆ మధ్యాహ్నమంతా పెద్దాయన చదువుతుంటే ఆమెకి కథ ఎక్కలేదు. కమ్మలు దుద్దులెందుకయ్యాయన్నదే తిరుగుతోంది. పుస్తకంలో అచ్చయిన మాట ఘడియకొకటిగా మారదు కదా.

ఇంకో సంగతి కూడా తట్టింది. ఇన్నేళ్ళూ వాళ్ళు దిద్దినవి ఏటా మళ్ళీ మళ్ళీ వేసే పాఠాలే. అవి పెద్దాయనకీ నోటికొచ్చు, ఆమెకీ నోటికొచ్చు. ఈమధ్య కాలంలో ఇద్దరికీ తెలియని పుస్తకం బల్లమీదకి రావడం ఇదే మొదలు.

గురువారం పదకొండింటికి పెద్దాయన టీ తాగడానికి లేచాడు. ఆయన చెప్పులు వరండా దాటేదాకా ఆగి, ఆమె బల్ల చుట్టూ తిరిగి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో ఆ వైపుకి వెళ్ళడం అదే మొదటిసారి. చెక్కపీట మీద పుస్తకం తెరిచి ఉంది, పేజీలు ఎగరకుండా రూళ్ళకర్ర అడ్డంగా ఉంది. ఆమె కర్ర తీసింది. కింద చెయ్యి పెట్టి అట్టమీద ఉబ్బెత్తు పేరు తడిమి, పైభాగమేదో తెలుసుకుంది. తెరిచినది తెరిచినట్టే పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి, కర్ర మళ్ళీ అడ్డంగా పెట్టింది. నేను చేసే పనేనా ఇది అనుకుంది. తిరిగొచ్చి కుర్చీలో కుక్కిన పేనులా కూర్చుంది.

పెద్దాయన వచ్చాడు. కుర్చీ జరిగింది. కళ్ళజోడు తీసి గుడ్డతో తుడుచుకున్న చప్పుడు, రోజూలాగే. దగ్గి గొంతు సవరించుకున్నాడు. రూళ్ళకర్ర తీసి పక్కన పెట్టాడు.

చదవడం మొదలుపెట్టాడు.

ఎక్కడా ఆగలేదు. "మెట్ల మీద ఎవరూ లేరు. కానీ ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఒక మెట్టు వెచ్చగా ఉంది" అని, కామా దగ్గర ఆగుతూ, చుక్క దగ్గర ఊపిరి తీస్తూ, తలకిందులుగా ఉన్న పుస్తకంలోంచి గడగడా చదువుకుపోయాడు.

చుక్కలక్కకి ముంజేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తొమ్మిదేళ్ళుగా కావాలని కోరుకున్నది సరిగ్గా ఇదే, ఇంత దగ్గరగా, బల్లకి అవతల కూర్చుని ఉంది. ఆమెకి మాత్రం లేచి పారిపోవాలనిపించింది.

"బాబాయిగారూ, పుస్తకం తలకిందులుగా ఉంది" అంది.

గొంతు ఆగింది. బయట ఎవరో కాగితాల బండి తోసుకుపోతున్నారు. పుస్తకం మూసిన చప్పుడైంది.

ఆయన చెప్పుకొచ్చాడు. ఏడాదిన్నరగా ఇలా ఉందట. చూపు మొత్తం పోలేదు. అంచులున్నాయి. గుమ్మాలూ, బల్లలూ, నడిచేవాళ్ళ కాళ్ళూ అంచుల్లో దొరుకుతాయి. సూటిగా దేనివైపు చూస్తే అది ఉండదు. అక్షరం వైపు చూస్తే అక్షరం ఉండదు. పాఠాలు నోటికొచ్చు కాబట్టి నెట్టుకొచ్చాడు. ఈ నవల పేరు చెప్పిన రోజే కాళ్ళ కింద నేల జారింది. శనివారమే పుస్తకం ఇంటికి పట్టుకెళ్తే, ఆదివారమంతా భార్య కూర్చోబెట్టి మూడధ్యాయాలు నాలుగేసిసార్లు చదివి వినిపించింది. సోమవారం గండం గడిచింది. ఆ తర్వాత రోజూ పొద్దున్న వంటపని మధ్యలో ఒక్కసారి చదువుతుంది. ఆ వయసులో ఒక్కసారికి ఎంతని నిలుస్తుంది? గుర్తున్నది చెప్పాడు, గుర్తులేనిచోట కల్పించాడు.

"కుర్చీ సంగతీ కల్పించారా?" అని అడిగింది చుక్కలక్క.

"అది మా ఇంట్లోదే. మా ఆవిడ ఊడ్చి జరిపింది. మోకాలు కొట్టుకుని పడ్డాను."

ఆమె అడగకూడదనుకుంటూనే రెండోది కూడా అడిగింది.

పెద్దాయన కళ్ళజోడు మడిచి బల్లమీద పెట్టిన చప్పుడైంది. "అక్షరాలు కనిపించవని ఆవిడకి తెలుసమ్మా. తన ముఖం కనిపించదని చెప్పలేదు. నలభై ఏళ్ళు చూసిన ముఖం. చూద్దామని తల తిప్పితే అక్కడ ఉండదు. జడ ఉంటుంది, కమ్మలుంటాయి. ఆవిడేమో ఏమిటలా చూస్తున్నారంటుంది." ఆయన గొంతు ఇంకా తగ్గింది. "నీకు పుట్టుకతో వచ్చింది. నాకు రోజుకింత వస్తోంది. భయమేస్తోందమ్మా."

అదేం పెద్ద విషయం కాదు, అలవాటైపోతుంది అనబోయింది చుక్కలక్క. ముఖమంటే ఏమిటో తెలియని మనిషి ఆ మాటెలా అంటుంది? పోయేదేదో తెలిస్తేగా అలవాటు గురించి చెప్పడానికి. చివరికి రేకుల పిల్ల సంగతి మాత్రం చెప్పింది. రేపు మూడో చీటీ అని చెప్పింది, అరచేతుల్లో బొబ్బల గురించి చెప్పింది.

"ఆ పిల్ల రోజూ ఈ పక్కగా వెళ్తూ నమస్కారమండీ అంటుంది. తల ఊపుతాను" అన్నాడాయన. "నువ్వు చెప్పాల్సింది రేపు చెప్పు. ఈ సాయంత్రం నేను ఇంట్లో చెప్పుకోవాలి."

ఆ సాయంత్రం పిన్ని దయ్యం సంగతి అడిగితే చుక్కలక్క చెప్పలేదు. దయ్యాల్లేవు, మనుషులే ఉన్నారంది. నా వేళ్ళు మొద్దుబారాయి, తప్పు నాదని మేనేజరుకి చెబితే ఎలా ఉంటుందని ఆలోచించింది. పిల్ల నిలబడుతుంది, పెద్దాయన నిలబడతాడు. కానీ తర్వాతి పుస్తకానికి ఇంకో పిల్ల మీద మైనం పడుతుంది. అంటించేది మళ్ళీ తనే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తొక్కడమైతే తొక్కేసింది. పిన్ని ఆమె వీపుమీద చెయ్యి వేసి, ఉద్యోగమేమన్నా పోయిందా అని అడిగింది. నాది కాదంది.

శుక్రవారం ఆమె మేనేజరు గదికి వెళ్ళేసరికి పెద్దాయన అప్పటికే అక్కడున్నాడు. పుస్తకం బల్లమీద పెట్టాడు. తనే చెప్పాడు. ఆమె వంతుకి మిగిలింది ఒక్కటే. రేకుల్లో తప్పుల్లేవు, రెండు చీటీలూ చించెయ్యాలి అంది. మేనేజరు చించిన చప్పుడు వింది. దుర్మార్గుడేం కాదు. ఇన్నాళ్ళూ చెప్పకపోతే ఎలాగండీ అని నొచ్చుకున్నాడు కూడా. ఆ తర్వాత, ఇవాళ్టి నుంచే పెద్దాయన రానక్కర్లేదన్నాడు.

చూపు లేనివాళ్ళ కోసం పెట్టిన ప్రెస్సులో, చూపు తగ్గిందని మనిషిని పంపేస్తారా అని చుక్కలక్క అడిగింది. తనకి చూపుందా, తను కూర్చోవడం లేదా అంది. ఆ గదిలో ఆమె గొంతు అంత లేవడం ఎవరూ ఎరగరు.

"చదివే కుర్చీకి కళ్ళు కావాలి, తడిమే కుర్చీకి వేళ్ళు కావాలి" అన్నాడు మేనేజరు. "ఆయనకి రెండూ లేవు కదమ్మా. ఇంకేం కుర్చీ వెయ్యమంటారు?"

నేర్పుతానంది. తన బల్లమీదున్న తడి పేజీ ఒకటి తెచ్చి పెద్దాయన వేలు పట్టుకుని వరస మీద పెట్టింది. ఆయన రెండుసార్లు నడిపాడు. "ఇసకలా ఉందమ్మా" అని మెల్లిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అందరికీ నమస్కారం చెప్పి బయల్దేరాడు. వరండాలో ఆయన అరచెయ్యి గోడకి రాసుకుంటూ పోయిన చప్పుడు వినబడింది. ఇన్నాళ్ళూ దాచుకుంటూ నడిచినవాడు ఇప్పుడు తడుముకుంటూ వెళ్ళాడు. గేటు దగ్గర ఒక ఆడగొంతు ఆయన్ని పిలిచింది. ఆ గొంతు వచ్చిన వైపు చెప్పుల చప్పుడు తిరిగింది. ఆవిడకి చెప్పే ఉంటాడు.

మధ్యాహ్నం రేకుల పిల్ల ఆయన కుర్చీలో కూర్చుని పుస్తకం చదివింది. మంగళవారం నుంచి దిద్దిన పేజీలన్నీ మళ్ళీ దిద్దాలి. పెద్దాయన మాటలతో మళ్ళీ కొట్టిన రేకులన్నీ సరిచెయ్యాలి. పిల్లది స్పష్టమైన గొంతు, ఎత్తుపల్లాలు లేవు. 'తలుపు కిర్రుమని తెరుచుకుంది.' మైనం. 'అతనికి భ్రమ కలిగింది.' మైనం. ఒక్కో చిటికెడు అంటిస్తుంటే చుక్కలక్కకి ఒక్కో పన్ను ఊడబెరుకుతున్నట్టుంది. ఇంత చప్పటి పుస్తకం కోసమా తొమ్మిదేళ్ళు! కానీ రచయిత రాసింది అదే. దిద్దేవాళ్ళ పని బాగుచెయ్యడం కాదు. తలుపు గడియ పోయింది, కుర్చీ పోయింది.

"'భార్య అతనికి దయ్యంలా కనిపించింది'" అని చదివింది పిల్ల.

చుక్కలక్క వేలు జడ మీదుగా, కమ్మల మీదుగా, లేని ముఖం మీదుగా నడిచింది. కణుపు పైకి లేచింది. అరచేతిలో మైనం మెత్తబడి ఉంది. పిల్ల ఆగి ఉంది. పెద్దాయన మాటలతో ఆ రేకు మళ్ళీ కొట్టింది ఆ పిల్లే, అక్కడ ఏముందో ఆమెకి తెలుసు.

"సరిపోయింది" అంది చుక్కలక్క.

"సరిపోయిందా అక్కా?"

"సరిపోయిందన్నానుగా. తర్వాతది చదువు."

కాగితం తిరగేసిన చప్పుడైంది. పిల్ల చదవడం మొదలుపెట్టింది. చుక్కలక్క చుక్కలు పొడిచే మేకు తీసుకుని, దిద్దినవాళ్ళ పేరుండే చోట, ఆ పేజీ అడుగున తన పేరు పొడిచింది.